చిలుకకిచ్చు గింజ దయయా, ఎరయా?

వేములవాడ రాజరాజేశ్వరస్వామి జాతరకు వెళ్ళిన యాత్రికులకు ఒకప్పుడు తరచు కనబడెడి దృశ్యమొకటి కలదు. గుడికి పోవు బాట ప్రక్కన చాప పరచుకొని చిలుక జోస్యుడు కూర్చుండును. అతని ముందు వరుసగా పేర్చిన కార్డులు, వాటి ప్రక్కన చిన్న పంజరము. రూపాయి చేతిలో పడగానే అతడు పంజరపు తలుపు పైకెత్తును. చిలుక వెలుపలికి వచ్చి, నాలుగడుగులు నడచి, ముక్కుతో ఒక్కొక్క కార్డును తొలగించుచు ఒకదానిని ఈవలికి లాగును. జోస్యుడు వ్రేళ్ళ సందున దాచియుంచిన వడ్లగింజను దానికందించును. చిలుక ఆ గింజను ఒలిచి తిని, వెనుకకు తిరిగి, తనంతట తానే పంజరములోనికి పోవును. తలుపు మరల పడును.

కార్డులోని బొమ్మను చూచి తమ భవిష్యత్తును విన్నవారు అనేకులు. ఆ చిలుక వెనుకకు ఎందుకు పోయినదని ఆలోచించినవారు స్వల్పము. పైన ఆకాశము తెరచియే యున్నది. చూచుచున్నంతసేపు దానిని కొట్టినవాడు లేడు, కసిరినవాడు లేడు. గింజ కొరకు వచ్చినది, గింజ తిని పోయినది. దీనిని ప్రేమతో నేర్పిన విద్య యనవలెనా, లేక కంటికి కనబడని సంకెల యనవలెనా?

ఈ ప్రశ్న జోస్యునితో ముగియునది కాదు. నేడు కరీంనగరు, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాదు పట్టణములలో పక్షులను పెంచుకొను గృహములు తక్కువేమియు కావు. పిల్లలు ముచ్చటపడి రంగురంగుల చిన్న పక్షుల జంటను కొని తెత్తురు. అవి చేతి మీదికి వచ్చి వ్రాలవలెనని, పిలిచిన పలుకవలెనని కోరుదురు. కొట్టక, బెదరింపక, మెచ్చుకొని గింజ పెట్టి నేర్పుటే సరియైన మార్గమని తెలిసినవారు చెప్పుచున్నారు. ఆ మాట నిజమే. అయినను అది ఎంతవరకు నిజమో చూడవలసియున్నది. సర్వప్రాణుల యెడ కరుణను ధర్మమునకు పునాదిగా నిలిపిన బసవేశ్వరుని పేరు తలచుకొను గృహములలో ఈ విచారణ మరింత అవసరము.

మెచ్చి నేర్పు ఈ పద్ధతికి మనోవిజ్ఞాన గ్రంథములలో ధనాత్మక పునర్బలనమని పేరు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు ఈ మాటను వినియే యుందురు. ఒక ప్రాణి ఒక పని చేసిన వెంటనే దానికి ప్రియమైనది లభించినచో, ఆ పనిని మరల చేయుటకు అది మొగ్గు చూపునని దీని సారము. అమెరికాలో థార్న్‌డైక్ అను పండితుడు పెట్టెలలో ఉంచిన పిల్లులు గడియ తీసికొని బయటపడుట నేర్చుకొను తీరును పరిశీలించి 1898లో దీనికి బాట వేసెను. అనంతరము బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలపైనను, పావురములపైనను పరిశోధించి దీనిని శాస్త్రముగా నిలిపెను. అయితే శాస్త్రజ్ఞులు పేరు పెట్టక పూర్వమే ఈ విద్య భారతదేశములో ఉన్నది. గిజిగాడును మచ్చిక చేసి, పూసలను దారమునకు గ్రుచ్చుట, విసరిన నాణెమును గాలిలోనే అందుకొని తెచ్చుట నేర్పిన వీధి ప్రదర్శకులు ఉత్తర భారతమున ఉండిరి. తాటియాకు పోచలను చీల్చి గూడల్లు పక్షికి దారము పట్టుట కొత్త పని కాదు. నేర్పరియైనవాడు పక్షికి స్వభావసిద్ధముగా వచ్చినదానినే కొంచెము మలుపు త్రిప్పును.

పక్షిని చేతికి మచ్చిక చేయువాడు మొదట చేయవలసిన పని ఏమియు చేయకుండుటే. పంజరమునకు దూరముగా కూర్చుండును. పక్షి బెదరక తన పని తాను చూచుకొనుచున్నచో మరునాడు ఒక జానెడు దగ్గరకు జరుగును. అది మెడ సాచి, ఈకలు బిగదీసికొని చూచినచో ఆ జానెడు వెనుకకు పోవును. కొన్ని దినములకు తలుపు దగ్గర కొర్రవెన్ను పట్టుకొని నిలుచును. పక్షి ఒక అడుగు ముందుకు వేసినది, గింజ. రెండడుగులు, మరల గింజ. ఒక కాలు చేతి మీద మోపినది, గింజ. ఇట్లు పెద్ద పనిని చిన్న మెట్లుగా విరిచి నేర్పుటయే ఈ విద్యలోని కిటుకు. గింజ ఆ క్షణముననే అందవలెను. రెండు ఘడియలు తామసించి ఇచ్చినచో పక్షి అప్పుడు చేయుచున్న మరియొక పనికి బహుమానమని గ్రహించును. అందుచేత కొందరు చిన్న ఈలగాని, నాలుకతో టక్కుమను చప్పుడుగాని ముందుగా అలవాటు చేసి, ఆ చప్పుడుతో “ఇదియే, ఇదియే” అని తెలిపి, గింజను ఆ వెనుక ఇత్తురు.

ఇందులో ఇంటివారు ఎరుగని చిత్రమొకటి జరుగుచుండును. చిలుక గొంతు చించుకొని అరచును. ఇంటిలోని వారందరు పరుగెత్తి వచ్చి “ఊరుకో, ఊరుకో” అని దానిని గద్దింతురు. చిలుక గుంపుగా బ్రతుకు ప్రాణి, ఒంటరితనము దానికి శిక్ష. ఇంటివారందరు ఒక్కసారి దాని ముందు చేరుట దానికి పండుగ. మరునాడు ఇంకను బిగ్గరగా అరచును. అట్లే అది కరచినప్పుడు చేయి చటుక్కున వెనుకకు లాగుకొన్నచో, కరచుట చేతిని తొలగించు మంత్రమని అది నేర్చుకొనును. చిలుకకు ఇంటివారు నేర్పుచున్నారో, ఇంటివారికి చిలుక నేర్పుచున్నదో అప్పుడు చెప్పుట కష్టము.

దండనతో నేర్పినదానికిని, గింజతో నేర్పినదానికిని గల భేదము పక్షి కంటిలోనే కనబడును. గుప్పిట బిగించి పట్టి, కఱ్ఱతో అదలించి లొంగదీసిన చిలుక కదలక కూర్చుండును. అజ్ఞానులు దానిని సాధువనుకొందురు. అది భయముచే కొయ్యబారినదే గాని సాధువు కాదు. చిలుకవంటి పక్షి డేగకును, పిల్లికిని ఆహారమయ్యెడి జాతి. పైనుండి వచ్చి పట్టుకొను చేయి దానికి మృత్యువువలె కనబడుట సహజము. ఒక్కసారి బలాత్కరించినచో నెలలు శ్రమపడి కూర్చిన నమ్మకము పోవును. మనుష్య శిశువుల విషయమున ఈ సత్యమును చట్టము సైతము అంగీకరించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో బడిపిల్లలను కొట్టుటను, మనసు నొప్పించు శిక్షలను నిషేధించినది. బెత్తము లేనిదే చదువు రాదని నమ్మిన తరము ఒకటి ఉండెను. ఆ తరము చదివిన చదువులో ఎంత భాగము భయమో, ఎంత భాగము జ్ఞానమో ఆ తరమువారికే తెలియును.

ఇంతవరకు గింజ పక్షమున చెప్పదగినది చెప్పబడినది. కాని పెద్దలు కొందరు దీనిని ఆక్షేపింతురు. గింజ కొరకు వచ్చు పక్షికి యజమానిపై ప్రేమ యెక్కడిది, ఇది లంచముగదా అని వారి వాదము. ఈ వాదము పైకి బలమైనదే గాని లోపల డొల్ల. లంచమనునది చేయరాని పనికి చాటుగా ఇచ్చునది. చేయదగిన పనికి ఎదుటనే ఇచ్చునది లంచము కాదు. మరియు ప్రేమ ఆకాశమునుండి ఊడిపడదు. తల్లి యెడ శిశువు ప్రేమయు పాలతోనే మొదలగును. పాలు మరచిన పిమ్మటను అది నిలుచుట అందరెరిగినదే. గింజ అయిపోయిన తరువాతను భుజము మీదనే కూర్చుండి, తలవంచి మెడ నిమురుమని చూపు పక్షులను పెంచినవారు ఎరుగుదురు.

అసలు చిక్కు లంచములో లేదు. ఆకలిలో ఉన్నది.

జోస్యుని చిలుక కథకు మరల పోవలెను. అతడును గింజతోనే నేర్పినాడు. ఆధునిక గ్రంథములు చెప్పు లక్షణములన్నియు అతని విద్యలో కలవు. చిన్న మెట్లు, వెంటనే అందు గింజ, చేతి వ్రేళ్ళ సంజ్ఞ, దండన లేమి, అన్నియు ఉన్నవి. కాని చూచువారికి కనబడనివి రెండు కలవు. మొదటిది, ఆ చిలుక రెక్కలలోని పెద్ద ఈకలు కత్తిరింపబడియుండును. ఆకాశము తెరచియున్నను దానికి అది మూసిన తలుపే. రెండవది, ఆ గింజ బహుమానము కాదు, భోజనము. కడుపు నిండిన చిలుక కార్డు తీయుటకు బద్ధకించును. కనుక దాని కడుపు నిండనీయరు. జాతరలో నూరుగురు వచ్చినచో నూరు గింజలు, నలుగురు వచ్చినచో నాలుగు గింజలు అని లెక్క పెట్టిన ప్రాణి స్థితి ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. దానిని ఎవరును కొట్టలేదు. కొట్టవలసిన అవసరము రాలేదు.

జోస్యుడు నిరుపేద, చదువు లేనివాడు, కడుపు కొరకు అట్లు చేసినాడని సమాధానము చెప్పవచ్చును. అది కొంత న్యాయమే. అయితే ప్రయోగశాలలోని పండితులు సైతము అదే చేసిరి. స్కిన్నర్ 1948లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో పావురముల బరువును అవి కడుపునిండ తిన్నప్పటి బరువులో నాలుగింట మూడు వంతులకు తగ్గించి ఉంచెను. అప్పుడే అవి గింజకు విలువ ఇచ్చును. ఆ పరిశోధనలో ఒక విశేషము కలదు. పావురము ఏమి చేసినను, చేయకున్నను, నియతకాలమున గింజలు వచ్చి పడునట్లు యంత్రము నమర్చిరి. 8 పావురములలో 6 పావురములు, తాము ఏదో చేయుటచేతనే గింజ వచ్చుచున్నదని నమ్మినవానివలె ప్రవర్తింపసాగెను. ఒకటి గుండ్రముగా తిరిగెను, ఒకటి తలను ఒక మూలకు విసరెను. స్కిన్నర్ దీనిని పావురముల మూఢనమ్మకమని పిలిచెను. జాతరలో చిలుక ముందు కూర్చున్న మనుష్యుని నమ్మకమును ఈ పావురముల నమ్మకముతో పోల్చినచో ఎవరికైన కోపము రావచ్చును గాని, పోలిక మాత్రము అక్కడనే యున్నది.

అదే స్కిన్నర్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున పావురములకు గింజలు పెట్టి, తెరమీద లక్ష్యమును ముక్కుతో పొడుచుట నేర్పెను. బాంబు ముక్కులో పావురమును కూర్చుండబెట్టి శత్రు నౌక వైపు దారి చూపించవలెనని సంకల్పము. ఆ పథకము యుద్ధములో అమలునకు రాలేదు. ఒక్క దెబ్బ కొట్టకుండ, పూర్తిగా మెచ్చుకోలుతోనే, ఒక ప్రాణిని దాని మృత్యువు వైపు పంపు విద్య నేర్పవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇంత దూరము పోనక్కరలేదు. పందెపు కోడిని పెంచు తీరు చూచిన చాలును. దానికి పెట్టు మేత ఇంటి బిడ్డలకు పెట్టరు. దానిని నిమిరి, స్నానము చేయించి, ఎత్తుకొని తిప్పుదురు. చివరకు కాలికి కత్తి కట్టుదురు. 2021 ఫిబ్రవరిలో పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై నేడు జగిత్యాల జిల్లాలో చేరిన గొల్లపల్లి మండలము లొత్తునూరు గ్రామమున, పందెమునకు సిద్ధము చేసిన కోడి కాలికి కట్టిన కత్తి తగిలి ఒక మనుష్యుడే మరణించెను. ఆ కోడిని కొంతకాలము గొల్లపల్లి పోలీసు ఠాణాలో ఉంచి మేపిరి. దేశదేశముల పత్రికలు ఆ వార్తను వింతగా ప్రకటించెను. నవ్విన వారు నవ్విరి. ఠాణాలో ఉండదగినది కోడి కాదు.

కావున గింజ యిచ్చు చేయి దయగల చేయి అని వెంటనే నిర్ణయింపరాదు. ఆ గింజ ఎందుకిచ్చుచున్నారు, ఇవ్వనిచో ఆ ప్రాణి గతి యేమి అను రెండు ప్రశ్నలు అడుగవలెను. ఇచ్చట శరణుల మార్గములోని రెండు మాటలు దారి చూపగలవు. ఒకటి కాయకము, రెండవది దాసోహము. కాయకమనగా ఒడలు వంచి చేసిన పని, దానికి న్యాయముగా లభించు ఫలము. దాసోహమనగా నేనిచ్చుచున్నాననెడి భావము లేక, ప్రతిఫలము కోరక, వచ్చినవారికి అర్పించుట. అన్నదాసోహపు పంక్తిలో కూర్చున్నవానిని నీవేమి పని చేసితివని అడుగుట లేదు. ఈ భేదమును పంజరము ముందు నిలిచి తలచుకొన్నచో చిక్కు చాలవరకు వీడును. పక్షిని తెచ్చి ఇంటిలో ఉంచినవాడు దాని అడవిని, దాని గుంపును, దాని మేత వెదకుకొను స్వాతంత్ర్యమును తీసికొన్నాడు. కనుక దాని నిత్యపు మేత అతడు తీర్చవలసిన ఋణము. దానికి లెక్క కట్టుట, పని చేసిన పెట్టుదుననుట అన్యాయము. మేత తొట్టి నిండిన తరువాత, ఆ తొట్టిలో లేని ఒక ప్రియమైన గింజను చేతిలో చూపి “వచ్చెదవా?” అని అడుగవచ్చును. అది వచ్చిన ఆ గింజ దాని శ్రమకు ఫలము. రాకున్న నష్టమేమియు లేదు. మేతను దాసోహములోను, ముచ్చటగింజను కాయకములోను ఉంచవలెను. జోస్యుడు ఈ రెంటిని కలిపివేసినాడు. ప్రయోగశాలవారును కలిపివేసిరి.

దీనికి బదులు చెప్పువారు కలరు. కడుపు నిండిన పక్షి నేర్చుకొనునా అని వారి సందేహము. నేర్చుకొనును, ఆలస్యముగా. పొద్దుతిరుగుడు గింజనో, కొర్రవెన్నునో నిత్యపు తొట్టిలో పెట్టక నేర్పు వేళకు దాచియుంచినచో చాలును. ఉదయము వెలుతురు వచ్చిన కొంతసేపటికి, ఐదారు నిమిషములు మాత్రము, విసుగు రాకముందే ముగించుట మంచిది. త్వరగా నేర్పవలెననెడి ఆరాటము నేర్పువానిదే గాని పక్షిది కాదు.

అయితే ఎట్లు నేర్పవలెనను ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న కలదు. నేర్పుటకు ఆ పక్షి ఇంటిలో ఉండవచ్చునా? కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో రామచిలుకతో సంబంధము వింతైనది. జొన్న కంకి పాలుపట్టు కాలమున చేను నడుమ మంచె కట్టి, వడిసెల చేతబట్టి, “హోయ్” అని కేకలు పెట్టుచు చిలుకల గుంపులను తోలుదురు. మొక్కజొన్న చేలలోను అంతే. రైతుకు అది శత్రువు. అదే రైతు ఇంటి చూరునకు వ్రేలాడు పంజరములో అదే చిలుక “రామ రామ” యని, వీరశైవుల ఇంట “శివ శివ” యని పలుకును, దానికి జామపండు పెట్టుదురు. పల్లెలో చిలుకపిల్ల దొరకుట ఎట్లో అందరెరుగుదురు. ఎండలు ముదురక మునుపు చిలుకలు చెట్టు తొర్రలలో గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయును. ఈకలు పూర్తిగా రాని పిల్లలను తొర్రనుండి తీసి సంతకు తెత్తురు. తల్లిచిలుక ఆ చెట్టు చుట్టు తిరుగుచు అరచుట వినినవారికి ఆ తరువాత పంజరములోని “శివ శివ” మరియొక విధముగా వినబడవలెను.

ఈ పలుకుల విషయమున ఒక మాట. అర్థము తెలియక వల్లించుటకు చిలుక పలుకులని తెలుగువారు ఏనాడో పేరు పెట్టిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో కల్లయ్య కుక్కచేత వేదము పలికించిన కథ కలదు. ఆ కథ కుక్క ప్రజ్ఞను చూపుటకు కాదు, వేదము తమ సొత్తని గర్వించినవారి గర్వము తీర్చుటకు చెప్పబడినది. చిలుక నోట శివనామము వినిన గృహస్థు అది తన భక్తికి సాక్ష్యమనుకొన్నచో కథను తలక్రిందులుగా చదివినట్లే.

చట్టము ఈ విషయమున స్పష్టముగానే యున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, కదలుటకు చాలని పంజరములో ప్రాణిని ఉంచుటను నేరముగా పేర్కొన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రామచిలుకకు రక్షణ కల్పించినది. 1990-91 ప్రాంతమున స్వదేశ పక్షుల వ్యాపారము నిషేధింపబడినది. ఆ చట్టమునకు చేసిన సవరణలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, రామచిలుక రెండవ షెడ్యూలులో చేరినది. కనుక రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరములో పెంచుట నేరములే. పక్షులకు ఆకాశములో ఎగురు హక్కు కలదని ఢిల్లీ హైకోర్టు 2015లో అభిప్రాయపడెను. గుడి బాట ప్రక్క జోస్యులు నానాటికి తగ్గుటకు ఈ చట్టమును ఒక కారణము. ఆ వృత్తిపై బ్రతికిన కుటుంబములకు వేరు కాయకము చూపవలసిన బాధ్యత మాత్రము చట్టముతో తీరునది కాదు.

దసరానాటి పాలపిట్ట సంగతియు ఇట్టిదే. జమ్మికి పోయి వచ్చునప్పుడు పాలపిట్టను చూచుట శుభమని తెలంగాణమంతట ఆచారము. 2014 తరువాత అది తెలంగాణ రాష్ట్రపక్షి. పూర్వము ఊరి వెలుపలి చేలలో తీగ మీదనో, మోడు మీదనో కూర్చున్న పాలపిట్టను వెదకుకొనుచు జనులు నడచిపోయెడివారు. పట్టణములు పెరిగి, నడచుటకు ఓపిక తగ్గి, పిట్టను పట్టి రెక్కలు కట్టి బోనులో పెట్టి చూపి డబ్బులడుగు పద్ధతి వచ్చినది. చేలలోని పురుగులను ఏరి తిను ఆ పక్షి గింజకు లొంగునది కాదు, పంజరములో నిలుచునదియు కాదు. దానిని మచ్చిక చేయు ప్రయత్నము సైతము లేదు. శుభము కొరకు ఒక ప్రాణిని అశుభము పాలు చేయుట ఏ ధర్మములోని విధియో ఆచారము చెప్పువారే చెప్పవలెను.

ఇక మిగిలినవి విదేశముల నుండి వచ్చి, తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్న పక్షులు. పట్టణములలో లవ్‌బర్డ్స్ అని పిలువబడు వానిలో అధిక భాగము నిజమునకు బడ్జీలు. అవి ఆస్ట్రేలియా దేశపు పచ్చిక బయళ్ళలో గుంపులు గుంపులుగా తిరుగు చిన్న చిలుకలు. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వానిని సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయెను. అచ్చటినుండి లోకమంతట వ్యాపించినవి. వీనిని విడిచిపెట్టుటయే దయ అని కొందరు భావించి, మంచి మనసుతోనే పంజరము తలుపు తీసి ఎగురవేయుదురు. మానేరు గట్టున విడిచిన బడ్జీకి ఏ గింజ తినవలెనో తెలియదు, ఏ గద్దకు భయపడవలెనో తెలియదు. కాకులు దానిని ఆ సాయంకాలము వరకు బ్రతుకనీయవు. పుణ్యము విడిచినవానిదని చెప్పుకొనవచ్చును గాని ప్రాణము పక్షిది.

అట్టి పక్షి ఇంటిలో ఉన్నప్పుడు దానికి నేర్పుట వినోదము కాదు, చేయవలసిన సేవలో భాగము. అడవిలో చిలుకకు దినమంతయు పని. మేత వెదకవలెను, గుంపుతో మాటలాడవలెను, శత్రువును కనిపెట్టవలెను. పంజరములో నిండిన తొట్టి తప్ప మరేమియు లేని దానికి ప్రొద్దు గడవదు. అట్టి చిలుకలు తమ ఈకలను తామే పెరికికొనుటయు, ఒకే చోట గంటల కొలది ఊగుటయు పెంచినవారు చూచి బాధపడినదే. చేతి మీదికి తనంతట వచ్చుట నేర్చిన పక్షిని జబ్బు చేసినప్పుడు గుడ్డలో చుట్టి ఒడిసి పట్టనక్కరలేదు. గోళ్ళు చూచుట, తూకము వేయుట సులువగును. తలుపులు, కిటికీలు మూసి, పైన తిరుగు పంకా ఆపి, గదిలో ఎగురనిచ్చి మరల పంజరమునకు పిలుచుటకును ఈ విద్యయే ఆధారము. ఎగురుట నేర్చిన రెక్కలకు ఆ పాటి ఆకాశమైన దక్కును.

అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను శాస్త్రజ్ఞురాలు 1977లో ఒక బూడిదరంగు ఆఫ్రికా చిలుకను కొని, దానికి ఆలెక్స్ అని పేరు పెట్టి, 30 సంవత్సరములు దానితో పరిశోధన సాగించెను. వస్తువుల పేర్లు, రంగులు, ఆకారములు, చిన్న సంఖ్యలు అది నేర్చెను. ఆమె పద్ధతిలో ఒక మెలకువ కలదు. చిలుక తాళపుచెవి పేరు సరిగా చెప్పినచో బహుమానము తినుబండారము కాదు, ఆ తాళపుచెవియే. పేరునకు, వస్తువునకు సంబంధము తెగకుండుటకై ఆమె అట్లు చేసెను. ఆలెక్స్ తనకు విసుగు పుట్టినప్పుడు తన చోటికి తిరిగి పోవలెనని నోరు తెరచి అడిగెడిది. కొన్నిసార్లు కావలెననియే తప్పు జవాబులు చెప్పెడిది. అప్పుడు ఆ పూట పాఠము ఆగిపోయెడిది. 2007 సెప్టెంబరులో ఆలెక్స్ మరణించినప్పుడు ప్రపంచ పత్రికలు దాని తెలివిని కొనియాడెను. అది నేర్చిన మాటలన్నిటిలో “తిరిగి పోవలెను” అను మాట విలువైనది. ఆ మాటను వినువారు ఎదుట ఉండుటచేతనే దానికి ఆ విలువ. వేములవాడ బాటలోని చిలుకకును ఆ మాట తెలిసియే యుండును. దాని భాషలో అది ఈకలు బిగదీసికొనుట, ముఖము త్రిప్పుకొనుట. చదువువాడు లేడు.

పక్షి తిరస్కారము చదువదగిన చిన్న అక్షరమే. చేయి చూపగానే తల వెనుకకు వాల్చును, కంటిపాప బిగియును, ఒక కాలు ఎత్తి మరల దించును. నేర్పువాడు దీనిని మొండితనమనుకొని గింజను మరింత దగ్గరకు తోయును, లేదా మధ్యాహ్నపు మేత ఆపి చూతమనుకొనును. అట్లనుకొన్న క్షణముననే అతడు జోస్యుని చాప మీద కూర్చున్నాడు.

కరీంనగరులోని ఒక మధ్యతరగతి గృహములో ఉదయపు వేళ ఊహించుకొనవచ్చును. వసారాలో పెద్ద పంజరము, అందులో రెండు పచ్చని బడ్జీలు. తాత తొట్టిలో సజ్జలు, కొర్రలు పోసి, నీరు మార్చినాడు. మనుమరాలు అరచేతిలో కొర్రవెన్ను పట్టుకొని తలుపు తెరచినది. నిన్న చేతి మీదికి వచ్చిన పక్షి నేడు రాలేదు. కొయ్య చివరకు జరిగి, ముఖము గోడ వైపు త్రిప్పుకొన్నది. “నేడు తొట్టి తీసివేయుదమా తాతా? ఆకలైతే వచ్చునుగదా” అని పాప అడిగినది. తాత ఆమె చేతిలోని కొర్రవెన్నును తీసికొని, పంజరపు చువ్వకు కట్టి, ఆమెను వెంటబెట్టుకొని లోపలికి పోయినాడు.